ముఖం కోసం చూసిన సినిమాలు

ఈ ఏడాది నేను ఆరు సినిమాలు చూశాను. మిర్యాలగూడలో రెండు, సూర్యాపేటలో మూడు, కోదాడలో ఒకటి. అంతకుముందు నా బతుకంతా కలిపి చూసినవి రెండు చేతుల వేళ్ళకు మించవు. బడిలో మూడో తరగతి దాకా చదివాను. పోస్టరు మీద పేరు చదవాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. ఈ మధ్య పేర్లన్నీ ఇంగ్లీషులోనే రాస్తున్నారు కాబట్టి ఆ తిప్పలూ తప్పింది. బొమ్మ చూసి పోవడమే. బొమ్మలో వరి మడి గానీ, ఎడ్లు గానీ, తలగుడ్డ కట్టిన మనిషి గానీ ఉంటే పోయేదాన్ని. కారూ తుపాకీ ఉంటే పోయేదాన్ని కాదు.

నాకు సినిమా పిచ్చి పట్టిందని ఊళ్ళో అనుకున్నారు. బస్సు కోసం నిలబడితే వాడకట్టు ఆమె ఒకతె అననే అంది.

"ఏమే పెద్దక్కా, ముసలితనాన హీరోయిన్ ఏషం ఏస్తానికి పోతున్నవా?"

"నీకు అత్త ఏషం ఇప్పిస్త, నువ్వు గూడ రా" అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

నేను వెతుకుతున్నది ఒక ముఖాన్ని. మా యారాలి ముఖాన్ని. యారాలంటే మా మరిది భార్య. త్రిపురారం దగ్గర మా ఊళ్ళో ఒకే వాకిట్లో నలభై ఏళ్ళు బతికాం. నిరుడు చలికాలంలో ఆమె చనిపోయింది. చనిపోవడానికి కొన్ని నెలల ముందు, ఒక్క పూట, ఒక సినిమా కోసం నాటు వేసింది. ఆ సినిమా పేరేమిటో మాకెవరికీ తెలియదు. షూటింగు వాళ్ళను అడిగితే పేరింకా పెట్టలేదన్నారు. హీరోయిన్ ఎవరో కొత్త పిల్ల. బొమ్మల్లో నాకు ఈ కాలం హీరోయిన్లందరూ ఒకే తల్లి పిల్లల్లా కనబడతారు. అందుకని పొలం ఉన్న ప్రతి సినిమాకూ పోవాల్సి వచ్చింది.

మొదటిది మిర్యాలగూడలో చూశాను. నా మనవరాలు సూర్యాపేటలో డిగ్రీ చదువుతుంది, సెలవులకు వచ్చి ఉంటే వెంట తీసుకుపోయాను. గేటు దగ్గర నా సంచీ తెరిచి చూసి మురుకులూ మంచినీళ్ళ సీసా తీసి పక్కన పెట్టారు. ఇంట్లో చేసిన మురుకులు లోపలికి పోకూడదట, వాళ్ళు అమ్మే మొక్కజొన్న పేలాలైతే పోవచ్చట. నేను మురుకులన్నీ అక్కడే గేటు దగ్గర నిలబడి తిన్నాను. మనవరాలు సిగ్గుతో దూరం జరిగింది. అట్లా మొదటి పావుగంట సినిమా పోయింది. పోయిందేమీ లేదులే, హీరో రావడానికే అంత సేపు పట్టిందట.

ఆ హీరో రైతు. తెల్ల పంచె కట్టి గట్ల మీద తిరుగుతుంటాడు. సినిమా మొత్తంలో ఒక్కసారి పార పట్టాడు, అదీ ఒకడి తల మీద కొట్టడానికి. ఒక పాటలో ఈ మడిలో నాట్లు పడుతుంటాయి, పక్క మడిలో వరి పండి వంగి ఉంటుంది. ఒకే కాల్వ కింద, ఒకే రోజున! "ఏ నెలల జరుగుతున్నదే ఈ కత?" అని మనవరాలిని అడిగాను. "నానమ్మా, సినిమాల నెలలుండయి, సూడు" అంది. ఆ వరి ఎవరు కోశారో, ఎవరు తూర్పార పట్టారో, ఎవరికీ అక్కర్లేదు. ఊరి ఆడవాళ్ళు ఉన్నారు, కానీ హీరో వచ్చినప్పుడు చేతులు జోడించడానికి ఉన్నారు. ఆ చేతుల్లో మా యారాలి చేతులు ఉన్నాయేమోనని చూశాను. అన్నీ గాజుల చేతులు, గోళ్ళకు రంగు. నాట్లు వేసే చేతికి గోరుండదు.

రెండోది సూర్యాపేటలో. అందులో ధాన్యం మార్కెట్ ఉంది, కొట్లాట ఉంది. హీరో ఒకణ్ణి తన్నితే వాడు బియ్యం బస్తాల మీద పడ్డాడు, బస్తా పగిలింది. ఇంకొకణ్ణి తన్నితే ఇంకో బస్తా. తరవాత ఎవడో కత్తి విసిరితే అది బస్తాకు గుచ్చుకుని బియ్యం ధారగా కారింది. ఆ ధారను చాలాసేపు చూపించారు, అందంగా ఉందని. హాలంతా ఈలలు. కోతలైన కళ్ళంలో నేనూ మా యారాలూ చీపుళ్ళతో మన్ను ఊడ్చి, ఆ మన్నును చేటలో చెరిగి, అడుగున మిగిలిన గింజను ఏరుకొచ్చేవాళ్ళం. ఆమె పాటలు పాడుతూ చెరిగేది. అన్నీ సినిమా పాటలే. సగం మాటలు తెలియకపోతే సొంతంగా కల్పించుకునేది. నేను గింజ పోతుందని కసిరేదాన్ని.

"ఆ బియ్యం ఎవరు ఎత్తుతరే?" అని హాల్లో పైకే అడిగాను. ముందు వరసలో కుర్రాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. "హీరో ఎత్తడు అవ్వా, నువ్వు పోయి ఎత్తు" అన్నాడొకడు. పోయేదాన్నే, నిజంగా ఉంటే.

మూడోది చూడకపోయినా బాగుండేది. పోస్టరు మీద పొలం ఉందని పోయాను. హీరోయిన్‌కు ఏదో రోగం. రోగం వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఇంకా తెల్లగా అయింది. దవాఖానలో పడుకుని, పెదాలకు రంగుతో, జుట్టు చెదరకుండా, నాలుగు పేజీల మాటలు మాట్లాడి చచ్చిపోయింది. చచ్చే మనిషికి అన్ని మాటలు వస్తాయా? మా యారాలు మిర్యాలగూడ దవాఖానలో రెండు రోజులుంది. ఛాతీలో నొప్పని తీసుకుపోయాం. పెదాలు ఎండి పొక్కులు పొక్కులైనయి. నేను గుడ్డ తడిపి అద్దుతూ కూర్చున్నాను. ఏమన్నా చెప్తదేమోనని చూశాను. చెప్పింది ఒక్కటే. "అక్కా, బర్రెకు నీళ్ళు పెట్టిన్రా?" అంది. పెట్టారని చెప్పాను. అంతే. ఆ మాటకు పాట పెట్టరు, ఎవరూ ఏడవరు. నేనూ ఏడవలేదు. ఆ సినిమాలో మాత్రం హాలంతా ముక్కులు చీదింది. నా మనవరాలు కూడా. నాకు కోపం వచ్చి, "మీ చిన్ననానమ్మ పోయినప్పుడు గిట్ల ఏడ్చినవానే?" అన్నాను. ఆ పిల్ల ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. అనకుండా ఉండాల్సింది. అన్నాను.

నాలుగోదాంట్లో ఒక ముసలమ్మ ఉంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని డాన్సు చేస్తుంది, బూతులు మాట్లాడుతుంది, జనం పడి పడి నవ్వుతారు. సినిమాల్లో మా వయసు వాళ్ళకు రెండే పనులిచ్చారు, ఏడవడమూ లేకపోతే నవ్వించడమూ. నాకు రెండూ రావు. అయిదోదాని గురించి చెప్పడానికేమీ లేదు. పొలం పోస్టరు మీదనే ఉంది, సినిమాలో లేదు.

ఇన్నింటికి ఎందుకు పోయానంటే ఇంట్లో ఆమెది సరైన ఫోటో లేదు. పెళ్ళినాడు తీసిన ఫోటో ఒక వానకు తడిసి పోయింది. తరవాత ఎవరూ తీయలేదు. ఆమె దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. దినాలకు ఫోటో కావాలంటే ఆధార్ కార్డు మీదున్న బొమ్మను పెద్దది చేయించాం. స్టూడియో అబ్బాయి వెనక నీలం రంగు పెట్టి, మెడ కింద ఎవరిదో పట్టుచీర అతికించాడు. ఆ పటంలో ఉన్న మనిషి ఎవరో నాకు తెలియదు. ఆమె కూతురు ఆ పటం ముందు నిలబడి, "ఇది మా అమ్మ కాదు పెద్దమ్మా" అంది. కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది ఆ పిల్ల. తల్లి పోయేనాటికి అందలేకపోయింది. బస్సు దిగేసరికి మనిషిని పాడె మీద కట్టేశాం. ముఖం మీద గుడ్డ తీసి చూపించాం గానీ, అది చూసినట్టా?

"సినిమాల అమ్మ ఉంటది గదా పెద్దమ్మా. నడుస్తున్నట్టు, పని చేస్తున్నట్టు ఉంటది గదా. ఒక్కసారి చూస్తే చాలు" అని ప్రతి ఫోనుకూ అడిగేది. వెతుకుతానని మాట ఇచ్చాను. ఆ మాటే నన్ను ఊరూరా తిప్పింది.

బతికుండగా యారాలు నన్ను ఎన్నిసార్లడిగిందో. మిర్యాలగూడకు రవికె గుడ్డలకో, విత్తనాలకో పోయినప్పుడల్లా టాకీసు ముందు నడక నెమ్మది చేసేది. "అక్కా, ఒక్క ఆట సూసి పోదామే. మల్ల ఎప్పుడొస్తమో." నేను ముందుకు నడిచేదాన్ని. "బర్రె పాలు నువ్వు పిండుతవా, మీ హీరో పిండుతడా?" అనేదాన్ని. ఆమె నవ్వుకుంటూ వెంట వచ్చేది. పోస్టరు మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూసేది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు నేను. ఇప్పుడు ఆరు చూశాను, ఆమె లేకుండా.

ఇక షూటింగు సంగతి చెప్పాలి.

అది వానాకాలం నాట్ల సమయం. మా ఊరి అవతల కాల్వ కింద మడి. మా నాట్ల ముఠాకు నేనే పెద్దను, పద్నాలుగు మంది ఆడవాళ్ళం. పొలమంతా మాట్లాడుకుని గుత్తకు పడతాం, పొద్దు గూకేలోగా మడి నింపి ఒడ్డెక్కాలి. పొలం ఆసామి ముందురోజే చెప్పాడు, రేపు సినిమా వాళ్ళొస్తారని, మేము నాటు వేస్తుంటే తీసుకుంటారని.

మా యారాలు పొద్దున్నే ఆకుపచ్చ చీర కట్టుకొచ్చింది. కూతురు పెట్టిన కొత్త చీర. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. నేను నెత్తి కొట్టుకున్నాను.

"బురదల దిగేదానికి గా చీరేందే? పెండ్లికి పోతున్నవా?"

"సినిమాల పడుతున్నమంటే పాత చీర కట్టాల్నా అక్కా? లోకమంతా సూస్తది."

"లోకం నీ చీర ఉతుకుతదా? పో, మార్చుకొని రా."

పోయి మార్చుకొచ్చింది. పాత చీర, దాని మీద మా మరిది చిరిగిన చొక్కా, ఎప్పుడూ వేసుకునేది. ఆకుపచ్చ చీర పెట్టెలో పెట్టింది. ఆ చీర మళ్ళీ మేమే తీశాం, చివరి రోజున ఆమెకు కట్టడానికి.

రెండు కార్లూ ఒక పెద్ద వ్యానూ వచ్చాయి. టోపీ పెట్టుకున్న ఒకాయన అందరికీ పనులు చెబుతున్నాడు. ఒడ్డు మీద, మాకు ఎదురుగా కెమెరా పెట్టించాడు. చొక్కాలు విప్పేయమన్నాడు, విప్పాం. నాటు మొదలు పెట్టమన్నాడు, పెట్టాం. కాసేపు చూసి చేతులు ఊపి ఆపాడు.

"అమ్మా, మీరు దూరం పోతున్నారు. కెమెరా వైపుకి రావాలి. నవ్వుకుంటూ, ముందుకి నడుస్తూ నాటండి. ముఖాలు కనపడాలి."

నాటు వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. పొలం తెలిసినవాళ్ళకు ఈ మాట చెప్పనక్కర్లేదు, సినిమా తెలిసినవాళ్ళకు చెప్పాలి. వంగి ముందున్న బురదలో నారు గుచ్చుతాం, ఒక అడుగు వెనక్కి వేస్తాం, మళ్ళీ గుచ్చుతాం. నాటింది కళ్ళ ముందుంటుంది, నాటనిది కాళ్ళ వెనకుంటుంది.

"ముందలికి నడిస్తే ఏసిన నాటు కాళ్ళ కింద పడ్తది సారూ" అన్నాను.

"పర్లేదమ్మా, రెండే నిమిషాలు."

"నీకు రెండు నిమిషాలు. మాకు మల్ల ఏసుకోవాలె. పీకిన నారు ఎండల వాడుతున్నది."

ఆసామి కూడా ఒడ్డు మీది నుంచి, "కానీ తియ్యి పెద్దక్కా, ఒక మూల పోతే పోయింది" అన్నాడు. అతనికి హీరోయిన్ పక్కన ఫోటో దిగాలని ఉంది. ముఠాలో ఆడవాళ్ళు నా ముఖం చూశారు. అప్పుడు నా పక్క సాలులోంచి మా యారాలు మెల్లగా అంది, "అక్కా, నాలుగు సాళ్ళే గదనే. పొద్దుగూకినంక నేనొక్కదాన్నే మల్ల ఏస్త తియ్యి. నువ్వు ఒడ్డు మీద కూసో."

నేను ఆమె వైపు ఒక చూపు చూశాను. ఆ చూపుకు ఆమె నలభై ఏళ్ళుగా అలవాటు పడింది. తల దించుకుంది.

"నాటు తొక్కేది లేదు" అన్నాను టోపీ ఆయనతో. "మీకు కావాలంటే మీ కెమెరాను అటు తిప్పుకోన్రి."

ఆయన కాసేపు విసుక్కుని, నిజంగానే తిప్పించాడు. మా వెనక ఒడ్డుకు మార్చాడు. ఇప్పుడు మేము వెనక్కి నడుస్తూ కెమెరా దగ్గరికే వస్తాం కదా. పని చెడలేదు, నాటు తొక్కలేదు. నేను గెలిచాననుకున్నాను. ముఠా వాళ్ళ ముందు నా మాట నిలబడిందని గర్వపడ్డాను కూడా. హీరోయిన్ మాత్రం ఒక మూల ఒక్కతే, కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, ముందుకు నడుస్తూ నవ్వుకుంటూ నాటింది. వాళ్ళు పోయాక ఆ మూల మా యారాలే సరిచేసి మళ్ళీ వేసింది. నేను వేయమనలేదు, తనే వేసింది.

ఇంటికి నడుస్తుంటే కాల్వ కట్ట మీద అడిగింది, "అక్కా, నా మొఖం పడిందంటవా?"

"నీ మొఖం ఎవనికి కావాలెనే?" అన్నాను.

ఇప్పుడు చూడండి, ఎవరికి కావలసి వచ్చిందో.

ఆరో సినిమా సంగతి యారాలి కూతురే చెప్పింది. ఫోన్లో ఏదో పాట చూస్తుంటే కాల్వ తూము కనబడిందట, తూము మీద మా ఊరి వాళ్ళు వేసిన సున్నం గీతలు కనబడ్డాయట. ఫోన్లో ఉన్నది చిన్న ముక్కేనట, అందులో హీరోయిన్ ఒక్కతే ఉందట. పాటంతా హాల్లోనే చూడాలి. కోదాడలో ఉదయం ఆటకు రమ్మంది. నేను హుజూర్‌నగర్ మీదుగా పోయాను. దారంతా నాకు ఒకటే లెక్క. కెమెరా వెనకాల పెట్టారని ఆ పిల్లకు నేను చెప్పలేదు. ముందు ఎదురుగా పెట్టినప్పుడు కూడా కొంచెం తీశారు కదా, అదేమైనా ఉంచి ఉంటారేమో, ఒక్క ముక్కైనా ఉంటుందేమో అని ఆశ.

హాలు దగ్గర ఆ పిల్ల ముందే వచ్చి టికెట్లు తీసుకుని నిలబడి ఉంది. హాస్టల్లో సెలవు అడిగి వచ్చానంది. పదిహేనేళ్ళుగా కోదాడలో ఉండి మాట కొంచెం అటువైపు తిరిగింది.

"పెద్దమ్మా, అమ్మ ముఖం బాగా కనపడుద్దంటావా?"

"సూద్దాం రా" అన్నాను.

సినిమా గురించి ఏం చెప్పను? పట్నంలో చదివిన హీరో పల్లెకొస్తాడు, నాటు వేసే పిల్లను చూస్తాడు, పాట మొదలవుతుంది. హీరోయిన్ ముందుకు నడుస్తూ నాటింది. ఆమె నాటిన నారు ఆమె కాళ్ళ మధ్యనే తేలిపోతోంది. అది కెమెరాలో పడింది, వాళ్ళెవరికీ కనబడలేదు. హీరో ఒడ్డు మీద నిలబడి నవ్వాడు. తరవాత మేం వచ్చాం.

అన్నీ వీపులే. పద్నాలుగు వీపులు, వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ తెర మీదికి వస్తున్నాయి. ఎదురుగా తీసిన ముక్క ఒక్కటీ ఉంచలేదు. కూతురు ముందుకు వంగింది.

"ఏంటి పెద్దమ్మా, అందరూ అటు తిరిగారేంటి? అమ్మ ఏది?"

నాకు తెలుసు. ఎడమ నుంచి అయిదోది. రవికె వీపు మీద నేను వేసిన అతుకు ఉంది, వేరే రంగు గుడ్డతో వేశాను, ఉన్న గుడ్డ పారేయడం ఎందుకని. చెయ్యి చాచి చూపించాను. "అదిగో. అతుకు రవికె."

ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పాట నడుస్తోంది. అప్పుడు ఆ అయిదో మనిషి పైకి లేచింది. మా యారాలికి నాలుగు సాళ్ళకోసారి నడుం మీద చెయ్యి పెట్టి లేవడం అలవాటు. లేచి, చెయ్యి నడుం మీదే ఉంచి, మెల్లగా వెనక్కి తల తిప్పడం మొదలు పెట్టింది. నున్నగా దువ్విన తల. చెవి కనబడింది, చెవికి రాయి ఊడిన కమ్మ కనబడింది. చెంప అంచు కనబడింది. నవ్వబోతున్నట్టు చెంప కొంచెం పైకి లేచింది. ఇంకొక్క జానెడు తిరిగితే ముఖం.

తిరగలేదు. ఎవరో కొట్టినట్టు ఆగింది. గబుక్కున తల అటు తిప్పి వంగిపోయింది. తరవాత హీరో ముఖం వచ్చింది, తెరంతా.

"అయ్యో" అంది కూతురు. "అయ్యో, ఎందుకాగింది? తిరుగుతుంది కదా, ఎందుకాగింది పెద్దమ్మా?"

ఎందుకాగిందో పాటలో వినబడదు. నాకు వినబడింది. నేను ఆమె పక్క సాలులోనే ఉన్నాను. ఆమె లేవడం ఓరగా చూశాను. "తల దించు!" అని అరిచాను. "పని సూడవే! సినిమాకొచ్చినవా, నాటుకొచ్చినవా?" ముఠా అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, వంగి, నారు కట్టలోకి. ఆ అరుపు మీద వాళ్ళు పాట పెట్టుకున్నారు. ఆ రోజంతా ఎన్నిసార్లు ఎవరిని కసిరానో నాకు గుర్తు లేదు, ఇదీ గుర్తు లేదు. తెర మీద ఆమె ఆగిన చోటనే నాకు గుర్తొచ్చింది.

మిగిలిన సినిమా చూస్తూ కూర్చున్నాం. ఏం జరిగిందో తెలియదు. దీపాలు వెలిగాక బయటికి వచ్చి, ఎండలో, ఆ పిల్ల మళ్ళీ అడిగింది. "ఎవరో పిలిచినట్టు ఆగింది కదా పెద్దమ్మా? ఏమైంది ఆరోజు?"

ఏమో బిడ్డా, నడుం పట్టిందేమో అని ఉంటే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేది. నాకు అబద్ధం నోట్లోకి వచ్చింది కూడా.

"నేనే అరిసిన" అన్నాను. "తల దించుమని అరిసిన. కెమెరా గూడ నా మూలంగనే ఎనకకు పోయింది. మీ అమ్మ ముందలికి నడుస్తనన్నది. తొక్కిన నాటు తనే ఏస్తనన్నది. నేనే పడనియ్యలే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాలుగు సాళ్ళ నాటు" అంది. "నాలుగు సాళ్ళ కోసం."

"పని పనే గదా బిడ్డా."

"అవును పెద్దమ్మా. నీకు ఎప్పుడూ పని పనే." గొంతు పెంచకుండా అంది. తల్లి కూడా నాతో గొంతు పెంచేది కాదు. "పోయిన నాటు మళ్ళీ వేస్తారు కదా. ఆ పంట ఎప్పుడో కోశారు, తిన్నారు, అయిపోయింది."

ఆ మడి ఆ ఏడు బాగానే పండింది. నాలుగు సాళ్ళు పోయినా అంతే పండేది.

ఆ పిల్ల కిటికీ దగ్గరికి పోయి మధ్యాహ్నం ఆటకు టికెట్ తీసుకుంది. ఒక్కటే తీసుకుంది. "నువ్వు బస్సుకు పో పెద్దమ్మా. లేటైతే మిర్యాలగూడలో నీకు ఊరి బండి దొరకదు" అంది. ఆ మాటలో కోపం లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడం ఇష్టం లేదు, అంతే. తలుపు దగ్గర వెనక్కి తిరగకుండా లోపలికి పోయింది.

నేను బస్టాండుకు పోలేదు. హాలు పక్క సందులో, సైకిళ్ళు పెట్టే రేకుల కింద నిలబడ్డాను. గోడకు చెవి పెట్టనక్కర్లేదు, ఈ కాలం సినిమాల మోత ఎట్లాగూ వీధిలోకి వినబడుతుంది. మాటలు అర్థం కావు, దరువు మాత్రం తెలుస్తుంది. చాలాసేపటికి ఆ పాట మొదలైంది. ఇది హీరోయిన్ నాటు. ఇది హీరో నవ్వు. ఇప్పుడు మేం వస్తాం. పాట ఒక చోట కొంచెం ఆగి మళ్ళీ ఎత్తుకుంటుంది, ఆ ఆగిన చోటనే ఆమె లేస్తుంది.

ఆగింది. లేచింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉంటుంది. తల తిప్పుతుంటుంది.

ఈసారి నేను నోరు మూసుకుని నిలబడ్డాను. లోపల ఆమె అంతవరకే తిరిగి ఉంటుంది, మళ్ళీ వంగి ఉంటుంది. గోడకు అవతల ఆమె కూతురు ఒక్కతే చూస్తోంది.